ఊపిరి బిగపట్టకూడని చోట

మా ఊరి బావిలో నాకు ఈత నేర్పింది పెదనాన్న. నడుముకి ఎండు సొరకాయ బుర్రలు కట్టి, గట్టు మీంచి ఒక్క తోపు తోశాడు. ‘ఊపిరి బిగపట్టరా, అదే తేలుతుంది ఒళ్లు’ అన్నాడు. నిజంగానే తేలాను. ఇరవై ఏళ్ల తర్వాత ఎర్ర సముద్రం అడుగున అదే అలవాటు నా కొంప ముంచబోయింది.

స్కూబాలో మొదటి రూలు దీనికి పూర్తిగా రివర్స్. ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు. పైకి వచ్చేకొద్దీ నీటి ఒత్తిడి తగ్గుతుంది, బిగపట్టిన గాలి ఉబ్బి ఊపిరితిత్తుల్ని చీల్చేయొచ్చు. కోర్సులో ఇదంతా చదివా, పరీక్షలో మంచి మార్కులూ తెచ్చుకున్నా. ఇంజినీరింగ్ చేసినవాడికి మార్కులు తెచ్చుకోవడం ఏం పని లెండి!

నేను చూడ్డానికి వెళ్లింది ఎస్ఎస్ థిసిల్‌గోర్మ్ అనే బ్రిటిష్ సరుకుల ఓడని. ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ నుంచి తెల్లారకముందే పడవలో బయల్దేరాం. ఓడ 30 మీటర్ల లోతులో ఉంది. మొదటి డైవ్‌లో చుట్టూ తిరిగి చూశాం. ఓడ మీంచి ఎగిరిపడ్డ రైలింజన్ ఒకటి ఇసుకలో కూర్చుని ఉంది. సముద్రం అడుగున రైలింజన్! రెండో డైవ్‌లో లోపలికి.

హోల్డ్‌లోకి, అంటే సరుకు నింపే గదిలోకి దూరి టార్చ్ వేయగానే లారీలు. వాటి మీద వరసగా మోటార్ సైకిళ్లు. ఒక్క క్షణం మన బుల్లెట్టే అనుకున్నా. కాదు, బీఎస్ఏ. కొన్నిటికి హ్యాండిళ్లు లేవు, మనలాంటి టూరిస్టులే గుర్తుగా ఊడబీక్కుపోయారట. నేనూ పెద్ద బుద్ధిమంతుణ్ణేం కాదు, బండి పక్కన ఏ యాంగిల్‌లో వీడియో తీస్తే బాగుంటుందా అనే చూస్తున్నా.

ఇంకో మూల రబ్బరు బూట్లు. కుప్పలు కుప్పలుగా. పొలానికి వేసుకెళ్లే గమ్ బూట్ల లాంటివే. బళ్లని చూస్తే మ్యూజియంలో ఉన్నట్టుంది. బూట్లని చూస్తే మాత్రం ఎవరి కాళ్లకోసమో అనిపించింది. గుండె దడ మొదలైంది. తెలీకుండానే నిండా గాలి పీల్చి, బిగపట్టేశా.

బావిలో లాగే తేలాను. కానీ ఇక్కడ పైన ఆకాశం లేదు, ఇనప కప్పు ఉంది. సిలిండర్ దానికి ఠంగ్‌మని కొట్టుకుంది. తుప్పు రాలి కళ్ల ముందంతా మసక. దాంతో భయం వేసి గబగబా పీల్చడం మొదలెట్టా. ఆ లోతులో ఒక్కో ఊపిరికి పైన పట్టే దానికి మూడున్నర రెట్లకు పైనే గాలి ఖర్చవుతుంది. 200 బార్‌తో దిగినవాణ్ని, మీటర్ చూస్తే 70.

గైడ్ నా చెయ్యి పట్టుకున్నాడు. రెండు వేళ్లతో తన కళ్లు చూపించాడు, నన్నే చూడు అని. అరచేతిని మెల్లగా కిందికి దించాడు. వదులు. ఇంకా వదులు. బుడగలు పోయాయి, నేను కిందికి దిగాను. బయటికొచ్చాక, 5 మీటర్ల దగ్గర తాడు పట్టుకుని వేలాడిన మూడు నిమిషాలూ అతని సిలిండర్ గాలే పీల్చా.

పడవెక్కాక తిట్టలేదు. టీ ఇచ్చి ఓడ కథ చెప్పాడు. 1941లో మధ్యధరా దారిలో శత్రువుల భయం వల్ల, గ్లాస్గో నుంచి ఆఫ్రికా మొత్తం చుట్టి వచ్చిందట, ఈజిప్టులోని బ్రిటిష్ సైన్యానికి సామాన్లు మోసుకుంటూ. లంగరేసి ఎదురు చూస్తుంటే అక్టోబర్ 6 అర్ధరాత్రి దాటాక జర్మన్ విమానం బాంబులేసింది. లోపలున్న మందుగుండు పేలి ఓడ చీలిపోయింది. 9 మంది చనిపోయారు. ఆంగస్ మెక్‌లే అనే నావికుడు మాత్రం మంటల్లోకి వెనక్కెళ్లి, గాయపడ్డ తోటివాణ్ని బయటికి తెచ్చాడు. జార్జ్ మెడల్ ఇచ్చారు.

టీ చల్లారిపోయింది. నేను వీడియో కోసం వెళ్లినచోట ఒకడు ఇంకొకడి కోసం వెనక్కెళ్లాడు.

ఆ రాత్రి పెదనాన్నకి వీడియో పంపా. బావి మాట, కప్పుకి తగిలిన మాట చెప్పలేదు. ఫోన్ చేసి అడిగాడు.

‘ఒరేయ్, ఆ బళ్లు ఒక్క కిలోమీటరైనా తిరిగాయంటావా?’

‘లేదు పెదనాన్నా. కొత్తవి.’

‘అయ్యో’ అన్నాడు. కాసేపాగి, ‘బూట్లు కూడానా?’ అన్నాడు.