మిడిల్టన్ దారిలో బావకి ఉత్తరాలు

డబ్లిన్, మంగళవారం రాత్రి

బావా,

ఇక్కడ మన పెగ్గు లెక్క చెల్లదు. ముప్ఫై కాదు, అరవై కాదు, 35.5 మిల్లీలీటర్లు కొలిచి పోస్తారు. గిల్ అనే పాతకాలపు కొలతలో అది నాలుగో వంతు. లీటర్లు వచ్చి ఇన్నేళ్ళయినా దాన్ని మాత్రం వదల్లేదు.

సాయంత్రం లిబర్టీస్ పేటలో తిరిగాను. ఒకప్పుడు డబ్లిన్ విస్కీ బట్టీలు చాలావరకు ఇటువైపే. 1875 జూన్‌లో ఇక్కడొక గోదాముకి నిప్పంటుకుంది. పీపాలు పగిలి విస్కీ వీధుల వెంట పారింది. జనం టోపీలతో, బూట్లతో ముంచుకుని తాగారు. పదమూడుమంది పోయారు, ఒక్కరు కూడా మంటల్లో కాదు, అందరూ తాగే. వాళ్ళు తాగింది పీపాలో ఉన్నది ఉన్నట్టే, నీళ్ళు తగలని సరుకు. దాన్నే ఇప్పుడు కాస్క్ స్ట్రెంగ్త్ అని లేబుల్ వేసి, ఖరీదు కట్టి అమ్ముతున్నారు. నేను వచ్చిందీ దానికోసమే కాబట్టి నవ్వలేకపోయాను.

మామూలు సీసాలో నీళ్ళు కలిపి నలభై శాతానికి దింపుతారు. చట్టం ఒప్పుకునే అడుగు మెట్టు అదే. మన దగ్గర సీసాల మీద కనిపించే 42.8 కూడా అలా దింపిందే. ఎల్లుండి రైల్లో కార్క్ మీదుగా మిడిల్టన్.

మిడిల్టన్, గురువారం

బావా,

చిన్న ఊరు. పాత డిస్టిలరీ 1825లో మర్ఫీ అన్నదమ్ములు పెట్టింది. 1975లో పని పక్కనే కట్టిన కొత్తదానికి మారింది. పాతది చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం ఉంచారు. అందులో ఒక రాగి కాగు ఉంది, 31,618 గ్యాలన్లు పడుతుంది, అంటే లక్షా నలభై వేల లీటర్ల పైమాటే. పాట్ స్టిల్ అనేవాటిలో ప్రపంచంలో ఇంతకన్నా పెద్దది లేదంటారు. పక్కన నిలబడితే తల ఎత్తి చూడాలి.

నువ్వు లెక్కలవాడివి కాబట్టి ఇది నీకు నచ్చుతుంది: ఇక్కడి విస్కీ రుచి వెనకున్నది పన్ను. 1785లో మొలకెత్తించిన బార్లీ మీద సుంకం పడింది. బట్టీలవాళ్ళు మొలక బార్లీని తగ్గించి ముడి బార్లీ కలపడం పెంచారు. సుంకం మాట పోయింది, రుచి ఉండిపోయింది. సింగిల్ పాట్ స్టిల్ అని పేరు పెట్టాలంటే ఇప్పుడు మొలక బార్లీ కనీసం ముప్ఫై శాతం, ముడిది కనీసం ముప్ఫై శాతం ఉండి తీరాలి. ఇక్కడ దాన్ని మూడుసార్లు బట్టీ పెడతారు.

తర్వాత పీపాలు. అమెరికాలో బర్బన్ పోసి ఖాళీ చేసినవి కొన్ని, స్పెయిన్‌లో ఒలొరోసో షెర్రీ నానినవి కొన్ని. కనీసం మూడేళ్ళు పీపాలో ఉంటేనే విస్కీ. గోదాములో ఏడాదికి రెండు శాతం దాకా గాల్లో కలిసిపోతుంది. మన బెంగళూరు ఎండకి అమృత్ విస్కీ వాళ్ళ పీపాల్లో పదో వంతు దాకా పోతుందని విన్నాను. అందుకే వాళ్ళది త్వరగా ముదురుతుంది. ఇక్కడి చలికీ చెమ్మకీ పన్నెండేళ్ళు పట్టినా ఎవరికీ తొందర లేదు. ఆ తేమలో నీటి కన్నా ఆల్కహాలే ముందు జారుకుంటుంది. అందుకని అరవై పైన నింపిన పీపా కూడా ఏళ్ళు గడిచేకొద్దీ మెల్లగా మెత్తబడుతుంది.

కార్క్, శుక్రవారం

బావా,

తాగాను. నింపాదిగా చెప్తాను.

మిడిల్టన్‌లో చేసే సింగిల్ పాట్ స్టిల్ రెడ్‌బ్రెస్ట్, పన్నెండేళ్ళది, కాస్క్ స్ట్రెంగ్త్. లేబుల్ మీద 57 చిల్లర. బ్యాచ్ మారితే ఆ అంకె కూడా మారుతుంది. ఏ పీపాలు కలిస్తే ఆ ఘాటే సీసాలోకి వస్తుంది మరి. చల్లబరిచి వడకట్టడం కూడా లేదు. నీళ్ళో మంచో తగిలితే మబ్బు పట్టించే కొవ్వు పదార్థాలను మామూలు విస్కీల్లో అలా తీసేస్తారు, దాంతో చిక్కదనం కొంత పోతుంది.

గ్లాసులో ముక్కు దూర్చితే మంట తప్ప ఏమీ తెలీదు. గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కాస్త తెరిచి పీల్చాను. కిస్మిస్, ఎండు ఖర్జూరం, వేయించిన జీడిపప్పు, వెనకాల ఎండిన నారింజ తొక్క. మొదటి చప్పరింత నాలుకను అలవాటు చేయడానికే, దానికి మార్కులు వేయకూడదు. రెండోసారి ముందు తీపి, వెంటనే శొంఠి, మిరియం, ఆఖర్న లవంగం నమిలాక నాలుకకి వచ్చే మొద్దుతనం. మధ్యలో నోరంతా నూనె రాసినట్టు ఒక జిడ్డు. ముడి బార్లీ పుణ్యం అదే. నా మార్కుల్లో సగం దానికే. మూడోసారికి నాలుక చచ్చుబడింది. నీట్‌గా కొట్టడమే గొప్ప అనుకునేవాళ్ళు ఇక్కణ్ణుంచి డబ్బు తాగుతున్నట్టే.

అప్పుడు చెంచా అడిగాను. నీటిచుక్క పడ్డచోట గ్లాసులో సన్నటి తీగలు మెలికలు తిరిగి కలిసిపోయాయి. ఒక చెంచా నీళ్ళకి ఘాటు యాభై దగ్గరికి దిగుతుంది. అక్కడ ఇది విచ్చుకుంది. ఇందాక లేని పచ్చి ఆపిల్ వాసన వచ్చింది, శొంఠి పక్కకి జరిగి షెర్రీ తీపికి చోటిచ్చింది. స్వీడన్‌లో ఇద్దరు శాస్త్రవేత్తలు 2017లో దీన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టారు. ఘాటు 59 శాతం దాటితే వాసననిచ్చే అణువుల్ని ఆల్కహాల్ చుట్టుముట్టి లోపలే ఉంచేస్తుందట, నీళ్ళు కలిపితే అవి పైకి తేలతాయట. వాళ్ళు లెక్కగట్టింది గ్వాయకాల్ అనే ఒక్క పదార్థానికే. అయినా నా ముక్కు ఒప్పుకుంది.

మొండిగా మూడు చెంచాల దాకా పోశాను, అంటే నలభైకి. పలచబడింది, జిడ్డు పోయింది, చెక్క చేదు ఒక్కటే మిగిలింది. ఇదే కంపెనీ నలభైకి దింపి అమ్మే పన్నెండేళ్ళది ఇంతకన్నా బాగుంటుంది, ఆ ఘాటు దగ్గర నిలబడేలా దాన్ని కూర్చారు కాబట్టి. సోడా సంగతి నువ్వు అడగొద్దు, నేను చెప్పను.

ధర ఎక్కువే. కానీ 700 మిల్లీలీటర్ల ఈ సీసాలో నలభై శాతం విస్కీ లీటరు తయారయ్యేంత సరుకుంది. ఆ లెక్కన చూస్తే తిట్టుకోనక్కర్లేదు. అయినా ఆ లీటరు కోసం దీన్ని కొనేవాడు కొనకపోవడమే మేలు.

సుంకం లేకుండా రెండు లీటర్లు తెచ్చుకోవచ్చు. ఇదొకటి, నలభైదొకటి తెస్తున్నాను, పక్కపక్కన పెట్టి చూద్దాం. చిన్న చెంచా, మామూలు నీళ్ళు సిద్ధం చేసి ఉంచు. అక్కతో మాత్రం నువ్వే మాట్లాడుకో.