తొట్లకొండ మీంచి సముద్రం

పెద్దపల్లి జిల్లా సెంటినరీ కాలనీలో పుట్టి పెరిగినదాన్ని. మా ఇంటి ముందు నిలబడితే ఒకపక్క రామగిరి ఖిల్లా, ఇంకోపక్క ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల మట్టిగుట్టలు. చూపు ఎటు పోయినా ఏదో ఒక గుట్టకు తగిలి ఆగాల్సిందే. ఈసారి బాపు ఎల్టీసీ మీద విశాఖపట్నం పోయాం. భీమిలి రోడ్డులో కుడిపక్కన చెట్ల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా కనబడ్డ సముద్రం, తొట్లకొండ ఎక్కి తిరిగి చూసేసరికి ఒక్కసారిగా మొత్తం పరుచుకుంది. నాకు మాట రాలేదు. ఇంత ఆకాశం ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు!

ఆ కొండ మీద రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉన్నారు. వాన నీళ్లు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్లే కొండకు ఆ పేరు వచ్చింది. స్తూపం పునాదులు, వరుసగా చిన్న చిన్న గదుల గోడలు. ఒక గది గడప మీద కూర్చుంటే సముద్రపు గాలి నేరుగా మొహానికి కొట్టింది. ఎంత మంచి చోటు వెతుక్కున్నారో!

1988 నుంచి 1993 దాకా ఇక్కడ తవ్వినప్పుడు శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమ్ వెండి నాణేలు కూడా దొరికాయట. ఆ మాట వినగానే ఒళ్లు జలదరించింది. మా పెద్దపల్లి పక్కన పెద్దబంకూరులోనూ శాతవాహనుల నాణేలు కుప్పలుగా దొరికాయి, వాటితో పాటు రోమ్ నాణేలూ దొరికాయి. మధ్యధరా సముద్రం చుట్టూ ఏలిన ఆ రోమ్ సొమ్ము ఈ కొండకూ వచ్చింది, మా ఇంటికి గంట దారిలో ఉన్న ఊరికీ వచ్చింది. సముద్రం మాకు దూరమని ఇన్నేళ్లూ అనుకున్నాను. మా నేలకు దానితో అంత పాత చుట్టరికం ఉంది!

మధ్యాహ్నం భీమిలి చేరాం. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. పదిహేడో శతాబ్దంలో వ్యాపారానికి వచ్చిన డచ్చివాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. రాళ్ల మీద చెక్కిన అక్షరాలను వేలితో తడిమి చూశాను. ఎక్కడి హాలెండు, ఎక్కడి భీమిలి! అక్కడికి దగ్గర్లోనే గోస్తని నది వచ్చి సముద్రంలో కలుస్తుంది. ఒక నది అయిపోయే చోటును కళ్లతో చూడటం నాకు అదే మొదలు. మా గోదారి కూడా ఎక్కడో ఇట్లాగే కలుస్తుంది కదా అనిపించి చాలాసేపు కదలలేకపోయాను.

బాపు ముప్పై ఏళ్లు బొగ్గుబాయి దిగిన మనిషి. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి అలల్లో నిలబడ్డాడు.

"బాయిల ఊట నీళ్లు రాత్రీ పగలు మోటర్లు పెట్టి తోడేటోళ్లం బిడ్డా. గిన్ని నీళ్లు జూస్తుంటే పానం తేటగైతున్నది" అన్నాడు. అవ్వ ఏమీ మాట్లాడలేదు, దోసిట్లోకి నీళ్లు తీసుకుని మొక్కింది.

పొద్దు మా వెనక కొండల్లోకి దిగిపోయింది. ఇక్కడ తెల్లవారితే సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడని ఆటో అన్న చెప్పాడు. బాపు వెంటనే వాచీ చూసుకున్నాడు.

"నాలుగింటికే లేపు బిడ్డా. ఫస్ట్ షిఫ్టుకు లేసినట్టు లేస్త."