వీసా లేకుండా లాహోర్‌కు

రాత్రి ఏడున్నర. ఢిల్లీ విమానాశ్రయం మూడో టెర్మినల్ దగ్గర నా ఎయిర్‌బస్ ఎ320 ఇంజన్లు ఇంకా స్టార్ట్ కాలేదు. నాకంటే ముందు పదకొండు విమానాలు అనుమతి కోసం కాచుకుని ఉన్నాయి. వంటింట్లో కుక్కర్ మూడో కూత వేసింది. ‘‘ఎప్పుడు తింటావురా?’’ అని అమ్మ కేకేసింది. ‘‘లాహోర్ వెళ్లాక’’ అన్నాను. నెల రోజులు ఉండి వెళదామని గుంటూరు నుంచి వచ్చిన ఆమె నేను వేళాకోళమాడుతున్నాననుకుని ఊరుకుంది.

వేళాకోళమేమీ కాదు. 2025 అక్టోబర్ నెలాఖరులో ఒక శనివారం, మయూర్ విహార్‌లోని మా అద్దె ఫ్లాట్‌లో, భోజనాల బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని నేను లాహోర్ ప్రయాణానికి సిద్ధమయ్యాను. గతంలో మామూలు పద్ధతిలో వెళ్లాలని రెండుసార్లు ప్రయత్నించాను. పాత్రికేయుడి వీసా కోసం పెట్టుకున్న దరఖాస్తులకు రెండుసార్లూ అవుననీ కాదనీ జవాబు రాలేదు. ఇప్పుడు వీసా కాదు, కావలసింది ట్రాన్స్‌పాండర్‌లో నొక్కాల్సిన నాలుగంకెల కోడ్.

కంప్యూటర్‌పై విమానం నడపడం కొత్త సరదా కాదు. మైక్రోసాఫ్ట్ తొలి ఫ్లైట్ సిమ్యులేటర్ 1982లోనే వచ్చింది. అయితే అది ఒంటరి ఆట. ఆకాశంలో మరెవరూ ఉండరు, కింద నుంచి పలకరించేవారూ ఉండరు. ఆ లోటును పూడ్చినవాటిలో 2001లో మొదలైన వాట్సిమ్ నెట్‌వర్క్ ఒకటి. ఇందులో పైలట్లు, కంట్రోలర్లు అందరూ మనుషులే, అందరూ స్వచ్ఛందంగా వచ్చినవారే. ఒకరు తమ గదిలో కూర్చుని విమానం నడుపుతుంటే మరొకరు ఇంకో దేశంలో తమ గదిలో కూర్చుని రాడార్ తెరపై ఆ విమానాన్ని చూస్తూ దారి చెబుతారు. పదమూడేళ్లు నిండి, ప్రవేశ పరీక్ష పాసైతే ఎవరైనా చేరవచ్చు. రుసుము లేదు. ఏటా రెండుసార్లు జరిగే ‘క్రాస్ ద పాండ్’ రోజున వందల కొద్దీ విమానాలు వరుస కట్టి అట్లాంటిక్ దాటుతాయి. మేము చేరిన కార్యక్రమం అంత భారీది కాదు. ఆ సాయంత్రం ఢిల్లీ, లాహోర్ రెండు చోట్లా కంట్రోలర్లు ఒకే సమయంలో కూర్చుంటారు, ఆసక్తి ఉన్నవారు అటూ ఇటూ ఎగరవచ్చు. అంతే.

నాకు ఈ విద్య నేర్పింది హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే ఒక కూకట్‌పల్లి కుర్రాడు. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు, కాని రేడియోలో నేను తప్పు మాట్లాడితే మాత్రం ‘‘అన్నా, అట్ల కాదు’’ అని నిర్దాక్షిణ్యంగా మళ్లీ చెప్పిస్తాడు. కంట్రోలర్ చెప్పిన ప్రతి అంకెనూ తిరిగి అప్పజెప్పాలి. ఎత్తు, దిశ, ఫ్రీక్వెన్సీ, రన్‌వే, ఏదీ వదలకూడదు. ఎక్కాలు అప్పజెప్పిన తరానికి ఇది కొత్త కాదు గాని, రాజకీయశాస్త్రంలో పీజీ చేసి దేన్నయినా ‘ఒక విధంగా చూస్తే’ అని మొదలుపెట్టే అలవాటున్న నాకు కష్టంగానే ఉండేది. అప్పజెప్పనిదాన్ని కంట్రోలర్ విననిదిగానే లెక్క వేస్తాడు.

బయల్దేరే ముందు కాస్త చరిత్ర. ఎందుకంటే ఆ రోజు నిజంగా ఆకాశంలో ఉన్న ఏ భారతీయ విమానమూ ఈ దారిన వెళ్లే వీలు లేదు. పహల్గామ్‌లో 2025 ఏప్రిల్ 22న జరిగిన ఉగ్రవాద దాడి తర్వాత 24న పాకిస్థాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసివేసింది. ఏప్రిల్ 30న భారత్ కూడా అదే పని చేసింది. ఆ తర్వాత నెలనెలా ఇరుపక్షాలూ నోటామ్ అనే వైమానిక ప్రకటనతో గడువు పొడిగిస్తూ వచ్చాయి. మూసివేత ఏడాది పాటు సాగితే తనకు దాదాపు 60 కోట్ల డాలర్ల అదనపు భారం పడుతుందని ఎయిరిండియా ప్రభుత్వానికి రాసినట్టు వార్తలొచ్చాయి.

ఇది మొదటిసారి కాదు. శ్రీనగర్ నుంచి జమ్మూ బయల్దేరిన ‘గంగ’ అనే ఫోకర్ విమానాన్ని 1971 జనవరి 30న హైజాక్ చేసి లాహోర్ తీసుకెళ్లి తగలబెట్టాక, పాక్ విమానాలు మన మీదుగా ఎగరకుండా భారత్ నిషేధించింది. దాంతో పశ్చిమ పాకిస్థాన్ నుంచి తూర్పు పాకిస్థాన్‌కు వెళ్లే విమానాలు శ్రీలంక చుట్టూ తిరగాల్సి వచ్చింది. బంగ్లాదేశ్ ఏర్పడక ముందు నెలల్లో ఆ చుట్టుదారి విలువ ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఆ తగాదా అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లింది. ఆకాశం మళ్లీ తెరుచుకుంది 1976లోనే. పార్లమెంటుపై దాడి తర్వాత 2002 జనవరి నుంచి రెండేళ్ల పాటు మళ్లీ మూత. బాలాకోట్ అనంతరం 2019 ఫిబ్రవరి నుంచి జూలై దాకా ఇంకోసారి. అప్పుడు జూలై ఆరంభం నాటికి మన విమాన సంస్థలకు వాటిల్లిన నష్టం రూ.548 కోట్లని, అందులో రూ.491 కోట్లు ఎయిరిండియాదేనని ప్రభుత్వం రాజ్యసభకు తెలిపింది. ఆ లెక్కను వార్తగా రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. రెండు దేశాల మధ్య నేరు విమానాలు ఆగిపోయిందీ ఆ ఏడాదే.

తన భూభాగం మీది ఆకాశంపై ప్రతి దేశానికీ సంపూర్ణ సార్వభౌమాధికారం ఉంటుందని 1944 నాటి షికాగో ఒప్పందం మొదటి అధికరణమే చెబుతుంది. కాబట్టి మూసే హక్కు ఎవరికి వారికి ఉంది. విచిత్రమేమంటే మూసింది ఆకాశాన్ని కాదు, జెండాను. 2025 మూసివేత వర్తించింది ఒకరి విమానాలకు మరొకరి గగనతలంలోనే. మూడో దేశపు విమానాలు ఢిల్లీ నుంచి లాహోర్ మీదుగా పడమటికి వెళ్తూనే ఉన్నాయి. అంటే ఢిల్లీ కంట్రోలర్, లాహోర్ కంట్రోలర్ రోజూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ‘మీకు ఫలానా విమానాన్ని ఫలానా ఎత్తులో, ఫలానా నిమిషానికి అప్పగిస్తున్నాం’ అని ఒకరంటే ‘సరే’ అని మరొకరు. రాయబారులను వెనక్కి పిలిచినా ఈ సంభాషణ ఆగదు. ఆగితే విమానాలు ఢీకొంటాయి.

రిజిస్ట్రేషన్ ‘వీటీ’తో మొదలైతే విమానం భారత్‌ది, ‘ఏపీ’తో మొదలైతే పాకిస్థాన్‌ది. (ఈ ఏపీకి మన ఏపీతో ఏ సంబంధమూ లేదు. కరాచీ విమానం ఫోటో చూసి మా గుంటూరు బంధువొకరు మురిసిపోయారు, అది వేరే సంగతి.) నా విమానం వీటీ. ఎనిమిదీ పది నిమిషాలకు నా వంతు రాగానే అనుమతి వచ్చింది: లాహోర్‌కు, ఈ దారిన, ఈ ఎత్తుకు, ఈ కోడ్‌తో. అప్పజెప్పాను. ఒక్క అంకె తప్పింది. మళ్లీ అప్పజెప్పాను.

ఆకాశంలోకి లేచాక ఢిల్లీ దీపాలు ఎంతోసేపు కనపడలేదు. సిమ్యులేటర్ ఆ క్షణపు అసలు వాతావరణాన్నే తెచ్చి చూపిస్తుంది. పొగ కప్పేసింది. 28 వేల అడుగుల ఎత్తులో వాయవ్య దిశగా వెళ్తుంటే ఫ్రీక్వెన్సీ నిండా గొంతులే. బెంగళూరు ఇంగ్లిష్, పంజాబీ ఇంగ్లిష్, ఎవరో జర్మన్. దారిలో వచ్చే సరిహద్దు బిందువు పేరు ‘సమర్’. ఇవి పలకడానికి వీలుగా పెట్టే ఐదక్షరాల ఇంగ్లిష్ సంకేతాలు, అర్థాలు వెతకకూడదు. అయినా తెలుగువాడికి అందులో సమరం వినిపించకుండా ఎలా ఉంటుంది? ఉర్దూలో సమర్ అంటే పండు.

అమృత్‌సర్, లాహోర్ విమానాశ్రయాల మధ్య దూరం 45 కిలోమీటర్ల లోపే. అందుకే దిగడం మన వైపు ఉండగానే మొదలుపెట్టాలి. ఢిల్లీ కంట్రోలర్ ఎత్తు తగ్గించమన్నాడు. ఆ తర్వాత ‘‘లాహోర్‌ను పిలవండి, గుడ్ నైట్’’ అన్నాడు. ఇంతకాలం వార్తల్లో చదివిన, రాసిన సరిహద్దు అంటే ఇంతే. ఒక ఫ్రీక్వెన్సీ తీసి మరో ఫ్రీక్వెన్సీ పెట్టుకోవడం. నేను పిలిచాను. ‘‘అస్సలాం అలైకుమ్, రాడార్‌లో కనిపిస్తున్నారు’’ అంది అవతలి గొంతు. ఇరవై, ఇరవై రెండేళ్లు మించని గొంతు. నాకు వెంటనే మాట రాలేదు. కూకట్‌పల్లి కుర్రాడు నేర్పిన పాఠాల్లో సలాముకు జవాబు లేదు.

ఇక్కడే తప్పు చేశాను. భారత్ - పాక్ సరిహద్దు వెంట దాదాపు 2,000 కిలోమీటర్ల మేర ఫ్లడ్‌లైట్లు ఉన్నాయి. అంతరిక్షం నుంచి తీసిన ఫోటోల్లో అది నారింజ రంగు గీతలా కనిపిస్తుంది. ఆ గీత దాటేటప్పుడు చూడాలని కెమెరాను కిందికి తిప్పి వెతకడం మొదలెట్టాను. కింద ఊళ్ల దీపాలు ఉన్నాయి, రోడ్ల దీపాలు ఉన్నాయి. గీత మాత్రం నా తెరపై లేదు. ఆట తయారుచేసినవాళ్లు దాన్ని పెట్టలేదో, పొగలో నాకే కనిపించలేదో. ఆ వెతుకులాటలో లాహోర్ కంట్రోలర్ ఇంకా కిందికి దిగమని రెండుసార్లు చెప్పిన మాట వినిపించుకోలేదు. మూడోసారి అతను నా పిలుపు సంకేతాన్ని ఒక్కో అక్షరమూ విడదీసి పలికాడు. మా స్కూలు హెడ్మాస్టరు పూర్తి పేరుతో పిలిచినప్పుడు ఉండే భయం మళ్లీ కలిగింది.

అదే సమయంలో ఇంకో సంగతి జరిగింది. మా వెనక వస్తున్న ఎవరో ఫ్రీక్వెన్సీలో ఒక నినాదం అరిచారు. ఏ దేశానిదో రాయనక్కర్లేదు, మే నెల నాలుగు రోజుల ఘర్షణ తర్వాత అలాంటివి రెండు వైపులా దండిగా దొరుకుతున్నాయి. ఐదారు సెకన్లు ఎవరూ మాట్లాడలేదు. నా చెవులు వేడెక్కాయి. కంట్రోలర్ తొణక్కుండా, ‘‘పిలిచిన స్టేషన్, మాట అస్పష్టంగా ఉంది, మళ్లీ చెప్పండి’’ అన్నాడు. జవాబు రాలేదు. అతను తర్వాతి విమానానికి దిశ చెప్పి పని కొనసాగించాడు. వాట్సిమ్‌లో కొన్ని ఆటలు నిషిద్ధం. ఉదాహరణకు హైజాక్‌ను సూచించే 7500 కోడ్ పెట్టకూడదు. నినాదానికి మాత్రం కోడ్ లేదు.

వాఘా దగ్గర కొవ్వొత్తులు వెలిగించే సభలకు నేను రెండు మూడుసార్లు వెళ్లాను. పెద్దవాళ్లు కళ్లు తుడుచుకుంటారు, కుర్రాళ్లు ఫోటోలు తీసుకుంటారు, తెల్లారేసరికి అందరూ అమృత్‌సర్ హోటళ్లకు చేరుకుంటారు. అక్కడ కలగని నమ్మకమేదో ఆ ఐదారు సెకన్లలో కలిగింది. ఆ కుర్రాడు నాపై ప్రేమ ప్రకటించలేదు. ఒక వీటీ విమానం తన గగనతలంలో ఎక్కువ ఎత్తులో ఉంది, దాన్ని క్షేమంగా దించాలి, అదే అతని ధ్యాస. 2025 మే 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్తున్న ఇండిగో విమానం పఠాన్‌కోట్ దగ్గర వడగళ్ల తుపానులో చిక్కుకున్నప్పుడు, పైలట్లు కాసేపు పాక్ గగనతలంలోకి రానివ్వమని లాహోర్‌ను అడిగితే అనుమతి దొరకలేదని పౌరవిమానయాన డైరెక్టరేట్ జనరల్ తెలిపింది. అంతకు ముందు సరిహద్దు వైపు మళ్లడానికి మన వైమానిక దళ కంట్రోల్ కూడా ఒప్పుకోలేదు. రెండొందల మందికి పైగా ప్రయాణికులతో ఆ విమానం తుపాను గుండానే వెళ్లి, ముక్కు దెబ్బతిని, ఎలాగో శ్రీనగర్‌లో దిగింది. ఆ రోజు ‘కుదరదు’ అన్న అసలు కంట్రోలర్ కూడా బహుశా ఇలాంటి కుర్రాడే. అతని చేతిలో ఉన్నది నోటామ్.

నేను చివరికి రన్‌వే 36కు ఎదురుగా వచ్చేసరికి ఎత్తూ వేగమూ రెండూ ఎక్కువే. దిగలేక మళ్లీ పైకి లేపాను. కుడివైపు తిరిగితే మూడు నిమిషాల్లో మళ్లీ సరిహద్దు. అతను ఎడమవైపు తిప్పాడు. పడమటి నుంచి ఒక చుట్టు తిప్పి, నా వెనకవాళ్లను ముందుకు పంపి, నెమ్మదిగా మళ్లీ రన్‌వే ముందు నిలబెట్టాడు. ఈసారి గట్టిగా తాకినా దిగాను. వెలుతురు రెండున్నర వేల మీటర్లకు మించి లేదు. ల్యాండింగ్ లైట్ల కాంతిలో రన్‌వే గీతలు తప్ప లాహోర్‌లో నాకేమీ కనిపించలేదు.

విమానం స్టాండ్‌లో ఆపాక అతనికి టెక్స్ట్‌లో థాంక్స్ చెప్పి, ఢిల్లీ ఎప్పుడైనా చూశారా అని అడిగాను. ‘‘మీ ఢిల్లీలో టాక్సీవేలన్నీ నాకు కంఠతా వచ్చు. ఊరు చూడలేదు’’ అని రాశాడు. సోమవారం తనకు పరీక్ష ఉందని, అరగంటలో పొజిషన్ మూసేస్తానని, తిరిగి వెళ్లేటట్టయితే ఇప్పుడే బయల్దేరమని కూడా. ఇంధనం లెక్క చూసుకున్నాను. వరుసలో తొమ్మిది విమానాలున్నాయి. వద్దులే అనుకుని కనెక్షన్ తీసేశాను.

అమ్మ కంచం పెడుతూ, ‘‘వెళ్లొచ్చావా? ఎట్లా ఉంది ఊరు?’’ అంది.

‘‘అంతా పొగ. ఏమీ కనపళ్లేదు.’’

‘‘ఇక్కడా అంతేగా’’ అంటూ కిటికీ తలుపు వేసి, చల్లారిన పప్పు మళ్లీ పొయ్యి మీద పెట్టింది.