ఆ ఊరిని క్రమశిక్షణ ఖాతాలో వేయకండి

జపాన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళ ఫోన్లలో ఆ వీడియో తిరుగుతూనే ఉంటుంది. కొండల నడుమ ఒక పల్లె, ఇంట్లో చెత్తని నలభైకి పైగా రకాలుగా విడదీసి పెట్టెల్లో వేస్తున్న ముసలివాళ్ళు, దాని కింద ఎప్పుడూ ఉండే వ్యాఖ్య: క్రమశిక్షణంటే అదీ, మనవాళ్ళకి ఈ జన్మలో రాదు అని. ఊరు నిజమే, పెట్టెలూ నిజమే. షికోకు దీవిలో తొకుషిమా ప్రిఫెక్చర్‌లో ఉన్న ఆ ఊరి పేరు కమికాత్సు. నాకు కోపం తెప్పించేది ఆ క్రమశిక్షణ అనే మాట. దాంతో రెండు ఊళ్ళకీ అన్యాయం జరుగుతోంది. కమికాత్సు వాళ్ళు ఇరవై ఏళ్ళకు పైగా లెక్కలు వేసుకుని, ఓపిగ్గా కట్టుకున్న ఏర్పాటు పుట్టుకతో వచ్చిన గుణమైపోతుంది. మన పల్లెలు పుట్టుకతోనే పనికిరానివైపోతాయి.

కమికాత్సు 1955లో రెండు గ్రామాలు కలిసి ఏర్పడిన చిన్న మున్సిపాలిటీ. విస్తీర్ణం దాదాపు 110 చదరపు కిలోమీటర్లు. అందులో 85 శాతానికి పైగా అడవి. కాత్సువురా నది పాయల వెంట, కొండ వాలుల మీద, మెట్ల మెట్లుగా ఉన్న వరి మళ్ళ పక్కన ఇళ్ళు విసిరేసినట్టు ఉంటాయి. ఊరు ఏర్పడిన నాడు ఆరు వేలకు పైగా జనం. ఇప్పుడు పదిహేను వందలు కూడా లేరు. వాళ్ళలో సగం మందికి పైగా 65 దాటినవాళ్ళే. కలప మీద బతికిన ఊరికి విదేశీ కలప వచ్చి గిరాకీ పోయింది. కమలా తోటలు ఆదుకుంటాయనుకుంటే 1981 ఫిబ్రవరిలో పడ్డ గడ్డ చలికి చెట్లకు చెట్లే చచ్చిపోయాయి. ఇక చెత్త సంగతంటారా, 1990ల దాకా ఒక గుంటలో పోసి బహిరంగంగా తగలబెట్టేవాళ్ళు. టీవీలు, సైకిళ్ళు, పరుపులు అన్నీ ఆ మంటలోకే. మన ఊరి చివర డంపింగ్ యార్డులో ఇవాళ లేచే పొగకీ ఆ పొగకీ తేడా లేదు. 1998లో రెండు చిన్న దహన యంత్రాలు పెట్టుకున్నారు. డయాక్సిన్ల మీద దేశం కొత్త చట్టం తెచ్చేసరికి అవి రెండు మూడేళ్ళకే మూతపడ్డాయి. కొత్తది కట్టే స్తోమత లేదు. వేరే ఊరికి మోయించి కాల్పించాలంటే తడిసి మోపెడు. కాల్చాల్సిన చెత్తని ఎంత తగ్గిస్తే అంత ఖర్చు మిగులుతుందని, అప్పటికే మొదలైన వేరు చేయడాన్ని ఇంకా పెంచారు. 1997లో 9 రకాలు. 2001 నాటికి ముప్ఫై దాటాయి. 2003లో దేశంలోనే మొదటిసారిగా సున్నా వ్యర్థాల ప్రకటన చేశారు. ఈ కథలో నాకు కనిపించేది దారులన్నీ మూసుకుపోయిన ఒక పేద ఊరు కూర్చుని వేసుకున్న లెక్క.

జాతి గుణమే కారణమైతే మిగతా జపాన్ ఏమైనట్టు? దేశం మొత్తం మీద చెత్తలో తిరిగి వాడకానికి వెళ్ళేది 20 శాతం దగ్గరే ఆగిపోయింది. మిగిలినదాంట్లో చాలా భాగం దహన కేంద్రాలకే పోతుంది. తలసరి ప్లాస్టిక్ ప్యాకింగ్ వ్యర్థాల్లో అమెరికా తర్వాతి స్థానం జపాన్‌దేనని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2018లో చెప్పింది. అదే బడి, అదే పెంపకం, అదే భాష. కమికాత్సులో మాత్రం 80 శాతం దాకా తిరిగి వాడకానికి వెళుతోంది. తేడా మనుషుల్లో లేదు, ఊరి పాలనలో ఉంది. ఇంటి చెత్త బాధ్యత అక్కడ చట్టప్రకారం మున్సిపాలిటీది. ఎన్నికైన మేయరు, సభ, జీతాలందుకునే ఉద్యోగులు ఉన్నారు. సొంత పన్నులు చాలని చిన్న ఊళ్ళకు కేంద్రం పంచే పన్నుల వాటా ఉంది, దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో ఊరే తేల్చుకుంటుంది. 1999 తర్వాత ప్రభుత్వం చిన్న ఊళ్ళని కలిపేయమని ఒత్తిడి తెచ్చి, మూడు వేలకు పైగా ఉన్న మున్సిపాలిటీలని దాదాపు సగానికి తెచ్చినప్పుడు కమికాత్సు ఎందులోనూ కలవలేదు. కలిసిపోయి ఉంటే ఈ నలభైకి పైగా పెట్టెలు ఉండేవని నేననుకోను.

ఆ పెట్టెలుండే చోటు దగ్గరికి వెళ్దాం. ఊళ్ళో చెత్త బండి తిరగదు, ఎవరి చెత్త వాళ్ళే తెచ్చుకోవాలి. తొక్కలూ మిగిలిన అన్నమూ అసలు ఇల్లే దాటవు, పెరట్లోనో మున్సిపాలిటీ రాయితీ ఇచ్చిన యంత్రంలోనో ఎరువవుతాయి. మిగిలినవి కడిగి, ఆరబెట్టి తెస్తారు. తెల్లసీసా ఒకచోట, గోధుమరంగు సీసా ఇంకొకచోట. లోపల తెల్లగా ఉన్న పాల డబ్బా వేరు, వెండి పూత ఉన్నది వేరు. వీడియోలు ఇక్కడితో ఆగిపోతాయి, అసలు విషయం పెట్టె మీద వేలాడే పలక. ఇందులో వేసింది ఎక్కడికి వెళుతుందో, ఏమవుతుందో, కిలోకి ఎన్ని యెన్‌లు వస్తాయో, లేదా ఎన్ని యెన్‌లు ఎదురు కట్టాలో దాని మీద రాసి ఉంటుంది. అల్యూమినియం డబ్బా ఊరికి డబ్బు తెస్తుంది, పాడైన బ్యాటరీకి ఊరే కట్టాలి. ఎందుకు విడదీయాలన్న ప్రశ్నకు జవాబు ఉపన్యాసంలో కాక రూపాయి అణాల్లో ఉంది. బండి నడపలేని ముసలివాళ్ళ ఇంటికి రెండు నెలలకోసారి మున్సిపాలిటీ మనుషులే వెళ్ళి తెస్తారు. ఊరివాళ్ళు తమకి అక్కర్లేని వస్తువు పెట్టి వెళ్ళే, కావలసినవాళ్ళు ఎవరైనా ఊరికే పట్టుకుపోయే గది కూడా అక్కడే ఉంది. 2020లో కట్టిన కొత్త భవనం గోడలకు ఊరివాళ్ళిచ్చిన పాత కిటికీలు ఏడు వందల దాకా బిగించారు.

ఇదే ఊళ్ళో ఇంకో వ్యాపారం ఉంది, నా మాటకి అది రెండో సాక్ష్యం. జపాన్ భోజనశాలల్లో పళ్ళెం అంచున ఒక మేపుల్ ఆకో, పూలకొమ్మో అలంకారంగా పెడతారు. తోటలు పోయిన ఊరికి వ్యవసాయ సహకార సంఘం సలహాదారుగా ఉన్న యొకోయిషి తోమోజి, ఆ ఆకుల్ని కోసి అమ్ముదామన్నాడు. 1986లో నలుగురితో మొదలైంది. ఇప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్ళ బామ్మలు కంప్యూటరు తెరిచి, ఇవాళ ఏ ఆకుకి గిరాకీ ఉందో, అమ్మకాల్లో తాము ఎన్నో స్థానంలో ఉన్నారో చూసుకుని తోటలోకి నడుస్తారు. వాళ్ళని నడిపిస్తున్నది ధర తెలియడం, డబ్బు చేతికందడం. మన మన్యంలో అడ్డాకులు కోసి, ఎండబెట్టి, విస్తర్లు కుట్టే గిరిజన స్త్రీ పొద్దు పొడవకముందే కొండెక్కుతుంది. శ్రమలో ఆమె ఏ బామ్మకి తీసిపోతుంది? సంతలో ఇవాళ్టి ధర ముందుగా చెప్పేవాళ్ళు ఆమెకి లేరు. ఆమె దగ్గర లేనిది క్రమశిక్షణ అని ఎవరైనా అనగలరా?

పదిహేను వందల మంది ఊరు కాబట్టి సాగింది, మన జనాభాకి కుదరదు అంటారు. మన పంచాయతీల్లో అంతంత మంది ఉన్నవి కొల్లలు. కుదరకపోవడానికి జనాభా అడ్డం కాదు. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికే వాడాలని ముందే కట్టేసి పంపారు. ఆంధ్రాలో పంచాయతీ ఖాతాలో పడ్డ డబ్బు కరెంటు బకాయిల కింద వెళ్ళిపోయిందని సర్పంచులు రోడ్డెక్కారు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి ఏడాదికి పైగా పంచాయతీలకు ఎన్నికైన పాలకులే లేకపోయారు, ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలని షెడ్లు కట్టారు, తడి చెత్త పొడి చెత్త అని బుట్టలు పంచారు. ఆ బుట్టలు ఎత్తే గ్రీన్ అంబాసిడర్లకు నెలల తరబడి జీతాలు రాలేదు. విడదీసి ఇచ్చిన రెండు బుట్టలూ ఒకే ట్రాక్టర్లో కలిసిపోవడం చూసిన ఇల్లాలు మూడో రోజు విడదీయడం మానేస్తే తప్పు ఆమెదా?

విడదీయడం మనకి తెలియనిదీ కాదు. కూరగాయ తొక్కలూ బియ్యం కడుగూ కుడితి తొట్లోకి వెళ్ళేవి, పేడా ఊడ్చిన చెత్తా పెంటకుప్పకి చేరి వేసవిలో బండ్లకెత్తి పొలానికి తోలేవాళ్ళు. పాత ఇనుముకి ఉల్లిపాయలు, పాత చీరలకి స్టీలు గిన్నెలు, పాత పేపర్లకి తూకం. ఒక్కొక్క వస్తువు ఎవరి బండికి వెళ్ళాలో ఇంట్లో పిల్లలకి కూడా తెలిసేది. ప్రతిదానికీ ఒక ధర, ఒక గమ్యం ఉన్నంతకాలం మన పల్లె కూడా కమికాత్సు లాంటిదే. గేదెలు పోయి పాల ప్యాకెట్లొచ్చాక, కొనేవాడు లేని ప్లాస్టిక్ కవర్లు మిగిలాక ఆ గొలుసు తెగింది.

నేను పక్కకి తోసేయలేని అభ్యంతరం ఒకటుంది. కమికాత్సులో ఎవరి ఎంగిలి డబ్బా వాళ్ళే కడుగుతారు. మన ఊళ్ళో వీధి ఊడ్చే చీపురు తరతరాలుగా కొన్ని కులాల చేతుల్లోనే పెట్టాం, ఎత్తేవాళ్ళు ఎవరో ఉన్నారులే అనే నమ్మకంతోనే మనం వీధిలోకి విసురుతున్నాం. ఇది డబ్బుతోనో అధికారాలతోనో పోయేది కాదని ఒప్పుకుంటాను. అయితే దీన్ని క్రమశిక్షణ లేకపోవడం అనడం చాలా చిన్న మాట. అది అన్యాయం, దానికి ఆ పేరే ఉండాలి. జపాన్‌లోనూ మైల పనుల పేరుతో కొన్ని వర్గాలని వెలివేసిన చరిత్ర ఉంది, 1871లో ప్రభుత్వం ఆ వెలిని రద్దు చేశాక కూడా ఆ వివక్ష పూర్తిగా పోలేదు. అంటే వాళ్ళూ పుట్టుకతో సమానత్వం నేర్చుకుని రాలేదు.

2020కల్లా కాల్చేదీ పాతేదీ సున్నా చేస్తామన్న కమికాత్సు ఆ గడువుకి అందుకోలేకపోయింది. దాదాపు 20 శాతం మిగిలిపోయింది. తోలూ రబ్బరూ కలిపి అతికించిన చెప్పులు, డైపర్లు, శానిటరీ ప్యాడ్లు. చేసినవాడే విడదీయడానికి వీల్లేకుండా చేసిన వస్తువుని ఎనభై ఏళ్ళ చేతులు ఎంత ఓపిగ్గా కడిగినా విడదీయలేవు. సగం మంది వృద్ధులున్న ఊళ్ళో డైపర్లు తగ్గవు కూడా. ఇలా ఏ దారీ లేక మిగిలేవాటి కోసం అక్కడ ఒక పెట్టె ఉంది. దాని మీద రాసిన మాటకి తెలుగు: ఎలా చూసినా కాల్చక తప్పనివి.