బందరు సమాధుల తోటలో బిళ్ళగన్నేరు

గత డిసెంబరులో ఒక వివాహ ఆరాధన నిమిత్తం మచిలీపట్నం వెళ్ళాను. మరునాడు ఉదయం బస్సుకు ఇంకా వ్యవధి ఉండగా డచ్చివారి సమాధుల తోట చూడటానికి నడిచి వెళ్ళాను. 1605లో వర్తకానికి వచ్చి స్థిరపడిన ఆ జనాన్ని మన పెద్దలు వలందులనేవారు. వలందపాలెం అనే పేట పేరు నేటికీ ఉంది. సమాధి రాళ్ళమీద చెక్కిన వంశ చిహ్నాలు, అక్షరాలు ఇంకా కనబడుతున్నాయి. చదవబోతే నాకు భాష రాదు. రాళ్ళ సందుల్లో ఎవరూ నీళ్ళు పోయకుండానే విరగబూచిన బిళ్ళగన్నేరు మీద నా చూపు నిలిచింది.

"అది సమాధుల పువ్వండీ అయ్యగారూ, ఇంటికి పట్టుకెళ్ళకండి" అన్నాడు అక్కడి కాపలాదారు.

నేనూ చాలాకాలం అలాగే అనుకొన్నవాడిని. మందిరం ముందు మొలిచిన వాటిని పెరికించాను కూడా. అయితే రెండేళ్ళ క్రితం మా సంఘంలో ఏడేళ్ళ పాపకు రక్త క్యాన్సర్ అని తేలింది. ఆ బిడ్డకు ఎక్కిస్తున్న విన్‌క్రిస్టిన్ అనే మందు ఈ మొక్కనుండే వస్తుందని డాక్టరుగారు చెప్పినప్పుడు సిగ్గుపడ్డాను.

దీని పుట్టిల్లు మడగాస్కర్ దీవి. చక్కెర వ్యాధికి పనిచేస్తుందేమోనని 1952లో జమైకానుండి కొన్ని ఆకులు కెనడాకు పంపారు. చక్కెర తగ్గలేదు గాని ఎలుకల్లో తెల్ల రక్తకణాలు తగ్గాయి! ఆ జాడ పట్టుకొని 1958 నాటికి విన్‌బ్లాస్టిన్ అనే మందును వేరుచేసిన ఇద్దరిలో ఒకరి పేరు రాబర్ట్ నోబుల్. 1843లో బందరులో బడి తెరచి, 1865లో అక్కడే ప్రభువునందు నిద్రించిన మిషనరీ దొరగారి పేరూ అదే. మనుష్యులు వేరు, పేరు ఒకటే.

గన్నేరుతో దీనిని పొరబడవద్దు. రెండూ ఒకే కుటుంబానివే గాని, గన్నేరు మనిషెత్తు పెరుగుతుంది. ఆకులు కత్తుల్లా పొడవుగా, ఒక్కో కణుపుకు మూడేసి ఉంటాయి. బిళ్ళగన్నేరు అంత ఎత్తు పెరగదు. ఆకులు కోలగా, నిగనిగలాడుతూ, తెల్లని నడిమి ఈనెతో ఎదురెదురుగా ఉంటాయి. పువ్వుకు రేకులు అయిదు. కాయలు జంటగా నిలబడతాయి. మందు మొక్క అన్నాం గదా అని ఆకులు నమలకండి. ఇదీ విషమే. మన సంఘాల్లో షుగరుకని పరగడుపున తినే అక్కలున్నారు, అందుకే ఇంతగా చెప్పడం.

రెండు ఎండుకాయలు రుమాలులో కట్టి తెచ్చాను. నల్లని గింజలు, ఆవాలకన్నా సన్నం. వెలుతురు తగిలితే సరిగా మొలవవు కనుక పైన పలుచగా మన్ను కప్పాను. మొలిచాక మాత్రం ఎండే కావాలి. నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. మా ఆవిడ భక్తితో రోజూ పోసిన నీళ్ళకు సగం పోయాయి. మిగిలినవాటి చివుళ్ళు గిల్లితే గుబురుగా వచ్చాయి.

ఆ పాప ఇప్పుడు నాలుగో తరగతి. సండేస్కూలుకు రాగానే తెల్లపూల కుండీ తనదేనని చెప్పి, తానే ఎండలోకి జరుపుతుంది.