సెట్టింగు పేరు ముందే అడగాలి

గ్రూపులో బీటెక్, ఎంసీఏ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు తరచుగా అడుగుతున్నారు: "అన్నా, ఓపెన్ సోర్స్‌లో మేమేం చెయ్యగలం? మా ఇంగ్లీషు చూసి నవ్వరా?" అందుకే ఈ పోస్టు.

నేను ఇంట్లో కోయ, ఆశ్రమ పాఠశాలలో తెలుగు, కాలేజీకొచ్చాక ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి. కోడ్ రివ్యూ అంటే ఒకరు రాసిన కోడును ప్రాజెక్టులో కలిపేముందు మిగతావాళ్లు చదివి చెప్పడం. అక్కడ నేను మొదట మాట్లాడింది పేరు గురించే. ఒకాయన కొత్త సెట్టింగుకు "డిసేబుల్_లాగింగ్" అని పెట్టాడు. లాగ్ కావాలంటే దానికి "ఫాల్స్" అని రాయాలి. అంటే "వద్దు అనేది వద్దు" అన్నమాట! ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు గబగబా చదివి దాటేశారు. నేను తెలుగులోకి తిప్పుకుని చదువుతాను కాబట్టి అక్కడే ఆగాను. "ఎనేబుల్_లాగింగ్ అంటే నేరుగా ఉంటుంది" అని రెండు లైన్లు రాశాను. మార్చారు. నా గ్రామర్ ఎవరూ అడగలేదు.

పేరే కదా అనుకోవద్దు. లోపలి వేరియబుల్ పేరు రేపైనా మార్చుకోవచ్చు. సెట్టింగు పేరు అలా కాదు, విడుదలయ్యాక వాడేవాళ్ల ఫైళ్లలోకి వెళ్లిపోతుంది. రెడిస్‌లో "స్లేవ్ఆఫ్" అనే సెట్టింగు ఉండేది. బానిస అనే ఆ మాటపై అభ్యంతరాలొచ్చాయి. 2018లో 5వ వెర్షన్‌లో "రెప్లికాఆఫ్" అని మార్చారు. పాత ఫైళ్లు ఆగిపోకుండా పాత పేరు కూడా పనిచేసేలా ఉంచారు. పోస్ట్‌గ్రెస్ 13లో (2020) "వాల్_కీప్_సెగ్మెంట్స్" తీసేసి "వాల్_కీప్_సైజ్" తెచ్చారు. పాత పేరు ఫైలులో మిగిలితే కొత్త సర్వర్ స్టార్టే అవ్వదు.

మన ఊరి పేరో, ఇంటిపేరో రికార్డులో తమకు వినపడినట్టు రాసేస్తే, సరిచేయించడానికి ఎన్నిసార్లు తిరగాలో మీకు చెప్పక్కర్లేదు. రాసేముందు ఒక్కమాట అడిగుంటే సరిపోయేది. సాఫ్ట్‌వేర్‌లో అలా అడిగే చోటే రివ్యూ.

మొదలుపెట్టేవాళ్లు ఇవి చూడండి. పేరులో "నో", "డిసేబుల్" లాంటివి ఉన్నాయా? "టైమౌట్ = 30" అంటే సెకన్లా, మిల్లీసెకన్లా? అదే ప్రాజెక్టులో మిగతా పేర్లు అండర్‌స్కోర్‌తో ఉంటే ఇది హైఫన్‌తో ఎందుకుంది? అర్థం కాకపోతే అర్థం కాలేదనే రాయండి. ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లలో ఇంగ్లీషు ఇంటిభాష కానివాళ్లు చాలామంది. వాళ్ల తరఫున అడిగేది మనమే కావచ్చు.

మొదటి కామెంట్ రాసినవాళ్లు లింకు ఇక్కడ పెట్టండి. కలిసి చదువుదాం.