నాన్నగారి పుస్తకానికి ఛార్జింగు

కొత్తొక వింత, పాతొక రోత అంటారు. మా ఇంట్లో మాత్రం కొత్త వింతే రోతై కూర్చుంది, అదీ నా చేతుల మీదుగా. ఆ భాగోతం కాస్త వినండి.

మూడేళ్ళ క్రితం మే నెలలో మా నాన్నగారు తెనాలి నుంచి పిట్స్‌బర్గ్ వచ్చారు. అమ్మ పోయాక ఆయన రావడం అదే మొదటిసారి. రిటైర్డు హెడ్మాస్టరు. పొద్దున్నే కాఫీ ఎంతో, పుస్తకం అంతే. కానీ ఆవకాయ, కందిపొడి, మనవరాలి పట్టుపరికిణీ కలిసి పెట్టెల బరువంతా మింగేశాయి. పుస్తకాలు అక్కడే ఉండిపోయాయి. మేమిద్దరం ఆఫీసుకీ, పిల్ల స్కూలుకీ పోతే ఇంట్లో ఆయనా, గోడ గడియారమూ. పది రోజులు తిరక్కుండానే పోస్టులో వచ్చే కూపన్ల కాగితాలు కూడా వదలకుండా చదవడం మొదలుపెట్టారు.

నాకు మనసు చివుక్కుమంది. ఈ-పుస్తకాలు చదివే పలక ఒకటి కొన్నాను. ఒక్కసారి ఛార్జి చేస్తే వారాల తరబడి వస్తుందని డబ్బా మీద రాసుంది. ఇక పుస్తకాలకేం కొదవ? చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డిగారు 1969లో చేరింది మా ఊరి కార్నెగీ మెలన్‌లోనే. ఆయనా, సహచరులూ తలపెట్టిన మిలియన్ బుక్ ప్రాజెక్టు 2007 నాటికి 15 లక్షల పుస్తకాలు స్కాన్ చేసింది. అందులో మన తెలుగువీ ఉన్నాయి. ఒక రాత్రంతా కూర్చుని రెండు వందల పాత పుస్తకాలు దించి, పలకలోకి ఎక్కించేశాను.

రెండో రోజుకే పలక చల్లబడింది. ఛార్జి పెట్టాను. మళ్ళీ రెండ్రోజులే.

"ఒరే అబ్బాయీ, అక్షరం పెద్దది చేయమని నొక్కితే చేయదేమిట్రా? ఇంకో పుస్తకంలో ఒత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి" అన్నారు నాన్నగారు.

ఆఫీసు తలనొప్పిలో ఉన్నానేమో, "మీరు ఏదో నొక్కేసుంటారు నాన్నగారూ" అన్నాను.

ఆయన మారు మాట్లాడలేదు. మర్నాటి నుంచి మళ్ళీ కూపన్ల కాగితాలే. వారం తర్వాత ఆయన పెట్టెలో మందుల చీటీ వెతుకుతుంటే, తువ్వాల్లో చుట్టి దాచిన పలక కనబడింది. "పాడుచేశానేమోరా. నీకు అనవసరంగా ఖర్చు" అన్నారు తల దించుకుని. వందల మంది పిల్లల తప్పులు ఎర్ర సిరాతో దిద్దిన మనిషి!

ఆ రాత్రి నిద్ర పట్టక, ఇంజనీరుగా మొదటి రోజే చేయాల్సిన పని చేశాను. సెట్టింగులు చూశాను. తప్పంతా నాదే. ఈ-ఇంకు తెరలో తెల్ల రేణువులూ, నల్ల రేణువులూ నిండిన సూక్ష్మమైన గుళికలుంటాయి. కరెంటు తగిలితే ఏదో ఒక రంగు పైకి తేలుతుంది. పేజీ ఒకసారి కుదిరాక తెరకి కరెంటు అక్కర్లేదు, తిప్పినప్పుడే కావాలి. వారాల తరబడి వస్తుందన్న మాట అందుకే. నేనో, వైఫై ఇరవైనాలుగ్గంటలూ తెరిచి పెట్టాను, దీపం పూర్తిగా పెంచాను. పైగా స్కాన్ చేసిన పుస్తకంలో ఉన్నవి అక్షరాలు కావు, అక్షరాల ఫోటోలు. అందుకే పెద్దవి కమ్మంటే కావు. ఒక్కో పేజీ చదవడానికి నాన్నగారు దాన్ని పదిసార్లు అటూ ఇటూ జరిపేవారు, జరిపినప్పుడల్లా తెర మళ్ళీ గీసుకునేది. ఒత్తులు ఊడిన పుస్తకానికి నేను ఎంచిన ఫాంటు తెలుగుకి పనికొచ్చేది కాదు.

వైఫై ఆపాను. దీపం సగానికి తగ్గించాను. ఫాంటు మార్చాను. పేజీల అంచులు కత్తిరించి, పలకని అడ్డంగా తిప్పితే అక్షరం దానంతటదే పెద్దదయింది. రెండు వందల పుస్తకాలు తీసేసి పన్నెండు ఉంచాను. పొద్దున్నే కాఫీతో పాటు ఇచ్చి, "తప్పు మీది కాదు, నాది నాన్నగారూ" అన్నాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "సెట్టింగు నాకూ నేర్పు. మళ్ళీ నిన్ను అడగనక్కర్లేదు" అన్నారు. ఓ గంట నేర్పాను. అమెరికా వచ్చాక ఆయన పక్కన అంతసేపు కూర్చోవడం నాకూ అదే మొదటిసారి.

అక్టోబరులో పలకతో సహా తెనాలి వెళ్ళారు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్లో క్షేమసమాచారాల కన్నా ముందు ఛార్జింగు ఎంతుందో చెబుతారు. "70 ఉందిరా." మరుసటి వారం, "55." అంకె తగ్గుతుంటే నాకు ధైర్యం, చదువుతున్నారన్నమాట.

మొన్న సంక్రాంతి ముందు వరసగా రెండు ఆదివారాలు 48 దగ్గరే ఆగిపోయింది. బ్యాటరీ బాగా పనిచేస్తోందని మురిసిపోలేదు నేను. అడగ్గా అడగ్గా, కళ్ళు మసకబారాయని చెప్పారు. తమ్ముడు గుంటూరు తీసుకెళ్ళి శుక్లం ఆపరేషను చేయించాడు.

పోయిన ఆదివారం ఫోన్లో నాన్నగారి గొంతు ఖంగుమంది. "ఒరే అబ్బాయీ, 12కి దిగిపోయిందిరా! ఛార్జింగు పెట్టాలి, ఉంటాను."